మా నాయన కదిరి మొక్కు

మా నాయన చేసిన తప్పుల్లో పోలీసులకు దొరికింది ఒక్కటే. మొక్కు చెల్లించడంలో తొందరపడ్డాడు.

మాది పెనుకొండ దగ్గర పల్లె. వేరుశనగ చేను, గట్ల వెంట పాతిక చింతచెట్లు. చింతపండు బేరమని చెప్పి నాయన ప్రతి శనివారం హిందూపురం మార్కెట్టుకు పోయేవాడు. చింతపండు సీజన్ ఊరందరికీ నాలుగు నెలలు, మా నాయనకు పన్నెండు నెలలు. అమ్మ ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. పాపం, అమాయకురాలు అనుకునేదాన్ని. ధర్మవరంలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని నేను. ఇంట్లో లెక్క మాత్రం ఏనాడూ వేయలేదు.

వేసినవాడు వేరే ఉన్నాడు. మా ఊరివాడే, అమ్మకు వరసకు తమ్ముడు, నాకు మామ. ఒక శనివారం హిందూపురంలో ఏదో పని మీద తిరుగుతూ ఒక మిద్దె మీద నాయనను చూసి ఫోన్లో ఫొటో తీశాడు. అందులో ఎవరో ఒకావిడ బకెట్ పక్కన నిలబడి ఉంది. మా నాయన ఆమె తడిచీరను తీగ మీద ఆరేస్తున్నాడు. ఇంట్లో నీళ్లు తాగిన చెంబును పక్కకు జరపని మనిషి! ఆయన్ని ఎరిగినవాళ్లకు ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"బావా, ఇది అక్కకు చూపిచ్చమంటావా?" అన్నాడట మామ. మొదట్లో ఫోన్ రీచార్జితో సరిపెట్టుకున్నాడు. తర్వాత ఎరువుల మూటలు, ఆపైన పండక్కి పొట్టేలు. చివరికి ఎండిపోయిన బావి పక్కనున్న మా అరెకరం రాసిమ్మన్నాడు. దిక్కుతోచక నాయన కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు, ఈ పీడ వదిలితే గుండు కొట్టించుకుంటానని. ఇదంతా ఆయన తర్వాత నాకు చెప్పిందే.

శ్రావణమాసంలో ఒక శనివారం మధ్యాహ్నం మామ పూటుగా తాగి ఆ బావిలో పడి చచ్చిపోయాడు. సాయంత్రానికి శవం బయటపడింది. ఊరంతా ఏడ్చింది. నాయన మూడోనాడు పొద్దున్నే కదిరికి పోయి, నున్నటి గుండుతో, సంచీనిండా ప్రసాదంతో బస్సు దిగాడు. ఇంటింటికీ పంచాడు. చావింటికీ తీసుకుపోయాడు. ఆలస్యమైతే స్వామికి కోపం వస్తుందని ఆయన భయం.

పోలీసులు వచ్చి తీసుకుపోయారు. కబురందగానే నేను ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ పోలీస్ స్టేషన్‌కు చేరాను. అమ్మ అప్పటికే అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏమప్పా, సచ్చినోడి కొడుకే ఇంకా గుండు కొట్టిచ్చుకోలేదు. నువ్వు మూడో దినమే కొట్టిచ్చుకుంటివి. ఏం మొక్కు అది?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

నాయన భుజం మీది తువ్వాలు తీసి గుండు మీద కప్పుకున్నాడు.

"శనివారం యాడుంటివి?"

"హిందూపురం మార్కెట్లో సార్. చింతపండుకు."

"శ్రావణంలో యాడిది చింతపండు? చెట్ల మింద ఇంకా పిందెలే గదప్పా!"

చచ్చినవాడి ఫోన్లో ఆ ఫొటో ఉంది, బెదిరించిన మెసేజీలూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఫొటో చూపించి ఈమె ఎవరని అడిగాడు. తెలీదన్నాడు నాయన.

"తెలీని యమ్మ చీర ఆరేస్తాండావా?"

కానిస్టేబుళ్లు నవ్వారు. నాయన మళ్లీ చింతపండు అన్నాడు. శనివారం ఎక్కడున్నాడో ఒక్క మాట చెబితే బయటపడతాడు. చెప్పడు. హంతకుడు అనిపించుకోవడానికైనా సిద్ధమే గానీ ఆ మాట మాత్రం బయటికి రాదు. పైగా ఊళ్లో ఎప్పుడూ పలకరించనివాళ్లు కూడా స్టేషన్ గేటు దగ్గర ఆయనకు నమస్కారం పెట్టిపోయారు. ఖూనీ కేసంటే మా వైపు ఇప్పటికీ అంతో ఇంతో మర్యాద ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

జైలుకు పంపడానికి కాగితాలు రాయడం మొదలుపెట్టారు. అప్పుడు అమ్మ లేచి, ఫోన్ అడిగి తీసుకుని ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"సార్, రాసేది నిలపండి. శనివారం ఆయప్ప ఈ యమ్మ ఇంట్లోనే ఉన్న్యాడు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"పొయ్యేటప్పుడు చొక్కాకు గుండీ ఊడింటాది. వచ్చేటప్పుడు కుట్టింటాది. ఆ పొద్దు గూడా కుట్టే ఉన్నింది. పదేండ్లుగా చూస్తాండా సార్."

వీధి పేరు చెప్పింది. ఒకసారి పోయి ఆ వీధి మొదట్లో నిలబడి వచ్చిందట. ఆ ఇంటికి ఎదురుగా మందుల షాపు ఉందని, దానికి కెమెరా ఉందని కూడా చెప్పింది. నాయన తల వంచుకున్నాడు. ఇన్నేళ్లూ ఏమీ తెలియనట్టు ఉండి అమ్మ తన పరువు కాపాడుకుంది. ఆయన కోసం ఆ కాస్తా స్టేషన్లో అందరి ముందూ వదులుకుంది. నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

కెమెరాలో శనివారం పొద్దంతా నాయన స్కూటర్ ఆ ఇంటి ముందుండటం, మధ్యాహ్నం ఆయన మిద్దె ఎక్కడం కనిపించాయి. తాగి కాలుజారి పడ్డాడని శవపరీక్షలో తేలింది. నాయనను వదిలేశారు.

మరుసటిరోజు పొద్దున అమ్మ బట్టలుతికి, తడిచీరల బకెట్ తెచ్చి మా మిద్దె మీద నాయన ముందు పెట్టింది.

"ఆరెయ్యి."

నాయన నా వైపు చూశాడు. నేను అడ్డుపడలేదు. కింద వీధిలో పోయేవాళ్లు ఆగి తలలెత్తి చూస్తున్నారు. ఆయన చీర తీసి గట్టిగా పిండాడు. అంచులు రెండూ కలిపి పట్టుకుని ఒక్కసారి దులిపాడు. తీగ మీద వేసి, ముడతలు సవరించి, రెండు కొసలకూ క్లిప్పులు పెట్టాడు. అంత శుభ్రంగా నేను కూడా ఆరేయలేను.

నవ్వు ఆపుకుంటూ అమ్మ వైపు తిరిగాను. స్టేషన్లో చుక్క కన్నీరు పెట్టని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎంత బాగా వస్తాదే ఆయప్పకు" అంది.