పొట్టి చేయి బొమ్మ

పొద్దున పేపరు తెరిస్తే, పేటెంటు చట్టం మారుస్తారట, మన కార్ఖానాల్లో పనులు పోకుండా బయటి సరుకు మీద పన్ను పెంచుతారట అని పెద్దక్షరాల్లో వేశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఈ దరఖాస్తు మా బాపు నిజాం జమానాలోనే పెట్టుకున్నాడు గదా, జవాబు ఇంత ఆలస్యమైందేమిటా అనిపించింది.

అప్పట్లో సిద్దిపేటలో మా వాడ నిండా మగ్గాలే. అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం తిప్పుతుంటే చూసి, బాపు ఆ రూపాన్నే చీర కొంగు మీదికి ఎక్కించాడు. పక్క మగ్గం మీద నేనూ అదే నేసేవాణ్ణి గాని, నా చేతి చలువ వల్ల బొమ్మకు ఒక చేయి పొట్టిగా వచ్చేది. "నా చెయ్యి గిట్ల గుంజుకపోయిందేందిరా?" అని అవ్వ నవ్వేది.

మా వాడలో ఒక కట్టుబాటు ఉండేది. తాంబూలం పెట్టి అడిగితే ఎవరి బొమ్మనైనా ఇవ్వాల్సిందే. తీసుకున్నవాడు మాత్రం ఇచ్చినవాడి గిరాకీ జోలికి పోకూడదు. ఈ సంగతి ఎవరి దగ్గర విన్నాడో, ఒకనాడు నిజాం సరిహద్దు అవతలి మిల్లు ఏజెంటు ఆకులూ వక్కలూ పళ్లెంలో పెట్టుకుని మా గడపలోకి వచ్చాడు. బాపు పొంగిపోయి చేతికందిన నమూనా ఇచ్చేశాడు. అది నాది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అంగడిలోకి అచ్చు చీరలు బండ్లకొద్దీ దిగాయి, మా ధరలో సగానికి. ప్రతి కొంగు మీదా అవ్వే, ప్రతి అవ్వకూ చేయి పొట్టే. నా తప్పుకు అంత గిరాకీ వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బయటి మిల్లు బట్ట మీద కరోడ్‌గిరి, అంటే సరిహద్దు సుంకం, పెంచాలనీ, మా బొమ్మ అచ్చు వేయడం ఆపించాలనీ వాడవాళ్లంతా దరఖాస్తు రాయించారు.

సుంకం సంగతి పైవాళ్లది అన్నాడు కచేరీలో అధికారి. రెండు చీరలూ పక్కపక్కన పరిచి, పొట్టి చేతి మీద వేలు పెట్టి, నకలు మాత్రం నిజమే అన్నాడు. మా ప్రాణాలు లేచొచ్చాయి.

"మరి దొంగతనంగ తీస్కపోయిండా?" అని అడిగాడు.

అవునంటే సరిపోయేది. వెనకనుంచి చిన్నాయిన అంగీ గుంజుతూనే ఉన్నాడు.

"లేదు దొరా. తాంబూలం పెట్టి అడిగిండు, ఇచ్చిన," అన్నాడు బాపు.

బొమ్మ సంగతి అక్కడే ముగిసింది. తిరుగుదారిలో చిన్నాయిన ఏడ్చినంత పని చేశాడు. "ఒక్క అబద్ధమాడితే నోరు పడిపోతుండెనా, అన్నా?"

"గాయన ఆకు తిన్న నోటితోని ఎట్లంటరా?"

ఆ ఏడే నేను షోలాపూరు మిల్లులో కూలికి చేరాను.

ఇప్పుడు కాయితం లేనిదే ఎవరి బొమ్మా ఎవరూ తీసుకోలేరట. సంతోషమే. ఇవ్వడానికి మాత్రం మా వాడలో బొమ్మ ఎవరి దగ్గరుంది, పళ్లెం పట్టుకుని అడగవచ్చేదెవరు? మొన్న మనవరాలు కొన్న అచ్చు చీర కొంగు మీద రాట్నం కనబడితే, దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాను. మిషను ఎప్పుడు దిద్దిందో, రెండు చేతులూ సమానంగా ఉన్నాయి. అది అవ్వ కాదు.