కొలిచి కూల్చిన లాడ్జి

ఒక ఇంటిని కాపాడుతున్నాననుకుంటూ, దాన్ని కూల్చడానికి కావలసిన కాగితాలన్నీ నేనే తయారుచేసి ఇచ్చాను. ఆ మాత్రం నాకు తెలిసి ఉండాల్సింది. ఆఫీసులో నా పనే అది. పాత సాఫ్ట్‌వేర్‌ను తీసేసే ముందు అదెలా పనిచేస్తుందో పూసగుచ్చినట్టు రాసిపెట్టమంటారు. రాయడం పూర్తవగానే దాన్ని ఆపేస్తారు.

న్యూజెర్సీలో మా ఊరి పార్కు గేటు పక్కన ఒక లాడ్జి ఉండేది. బస్టాండు ఎదురుగా గదులిచ్చే లాడ్జి కాదు. గుర్రపు బగ్గీల కాలంలో గేటు కాపలాదారు కుటుంబం కాపురమున్న ఇల్లు. విక్టోరియా శైలి. ఆ రాణి ఏలింది మనల్ని, ఆమె పేరు మీద ఇళ్లు కట్టుకున్నది వీళ్లు. కోసుగా లేచిన కప్పు, చేప పొలుసుల్లా పేర్చిన రాతి పలకలు, చూరుకి లేసు కుట్టినట్టు చెక్కిన చెక్క, వచ్చే బగ్గీ కనబడేలా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ. వంటగది గుమ్మానికి, ఏ పిల్లల ఎత్తులు కొలిచారో, పెన్సిల్ గీతలు.

కప్పు కారుతోందనీ, లాడ్జిని ఉంచాలా తీసేయాలా ఆలోచిస్తున్నామనీ, చరిత్రా కొలతలూ రాసిచ్చే వాలంటీర్ కావాలనీ పార్కు ఆఫీసువాళ్లు అడిగారు. ఎంత బాగా రాస్తే అంత గట్టిగా నిలబడుతుందని నాకు నేనే అనుకుని చేరాను. చలికాలపు శనివారాలన్నీ టేపు పట్టుకుని అక్కడే గడిపాను.

“అన్నయ్యగారు లేరా?” అని ఫోన్‌లో పక్కింటావిడ.

“లాడ్జికెళ్లారు వదినా. ఎవ్రీ శాటర్డే అంతే,” అని మా ఆవిడ.

“అయ్యో, నువ్వేం అనవా?”

“అంటానెందుకు, లంచ్ బాక్స్ ప్యాక్ చేసి పంపిస్తున్నా.”

రిపోర్టు అందుకున్న ఆఫీసరమ్మ తెగ మెచ్చుకుని, అప్పుడు చెప్పింది నిబంధన. ఇలాంటి భవనాన్ని కూల్చాలంటే ముందు దాని పూర్తి రికార్డు ఉండాలట. అది లేకనే ఇన్నాళ్లూ ఆగారట.

కూల్చేరోజు లీవు పెట్టి, వానలో నిలబడి చూశాను. ఒక్క పూట పట్టింది. కొలతలు వాళ్లకిచ్చాను, కలత నేనుంచుకున్నాను.

ఆ స్థలంలో పార్కింగ్ వేశారు. మనవాళ్లు ఎక్కువగా వస్తారు కనుక బోర్డు మీద తెలుగు కూడా ఉండాలని, ‘స్వాగతం, గీతల మధ్య కారు ఆపండి’ అన్న ముక్క అనువదించమని మళ్లీ నన్నే అడిగారు. రాసిచ్చాను. ఇంత పొడుగుందేమిటని ఆఫీసరమ్మ అడిగితే, మా భాషలో మర్యాదలు ఎక్కువని చెప్పాను.

బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది: ‘స్వాగతం. గీతల మధ్య కారు ఆపండి. మీరు ఆపినచోట చక్కని ఇల్లొకటి ఉండేది. ఎందుకు కూల్చారో పార్కు ఆఫీసులో అడగండి.’