గేదె అడ్డం రాలేదు

మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. అమ్మ పోయాక ఏలూరులో మా ఇంట్లోనే ఉంటున్నారు. నేను వట్లూరు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. మావారిది తాడేపల్లిగూడెంలో ఆఫీసు. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. అందుకని మూడో తరగతి చదివే మా అమ్మాయిని బడికి దింపడం, తీసుకురావడం నాన్నగారే చూసేవారు. ఆయనకొక పాత స్కూటరుంది. కొల్లేటి ఊళ్ళలో వ్రతాలకీ గృహప్రవేశాలకీ దాని మీదే తిరిగేవారు.

ఒకరోజు కాఫీ గ్లాసు ఆయన ముందే పెట్టాను. ఆయన వేళ్ళు దాని పక్కన బల్లని తడుముతున్నాయి.

"కళ్ళు సరిగ్గా కనపడటం లేదా నాన్నగారూ?"

"చత్వారం అమ్మా. ఈ వయసులో మామూలే" అన్నారు నవ్వుతూ.

నేను పోరగా పోరగా తాడేపల్లిగూడెంలో కంటి డాక్టరుకి చూపించుకొచ్చానన్నారు. కుర్ర డాక్టరట, మహా మర్యాదస్థుడట, పంతులుగారని తెలిసి తన పాప అక్షరాభ్యాసానికి ముహూర్తం అడిగాడట. కళ్ళకేం ఢోకా లేదన్నాడట. అంత వివరంగా చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? కొన్నాళ్ళకి మావారు ఆ వీధిలో ఏదో పని మీద వెళ్తే ఆ ఆసుపత్రికి తాళం వేసి ఉంది. డాక్టరుగారు ఊరొదిలి చాలా కాలమైందండీ అని పక్క కొట్టాయన చెప్పాడు.

ఆ సాయంత్రం అడిగితే నాన్నగారు తలొంచుకున్నారు. "చూపు పోతుందని చెబుతారేమోనని భయమేసిందమ్మా" అన్నారు. మర్నాడు ఏలూరులోనే చూపించాం. గ్లాకోమా అన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి, బండి మాత్రం నడపకూడదు అన్నారు. నాన్నగారు మనవరాలి తల మీద చెయ్యి పెట్టి, ఇక స్కూటరు ముట్టుకోనని ఒట్టేశారు. బడికి ఆటో మాట్లాడాను.

ఆ ఒట్టు తర్వాత కొంతకాలానికి ఒక ఆదివారం నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. మావారు కూడా ఊళ్ళో లేరు. నాన్నగారు పిల్లని స్కూటరు మీద ఎక్కించుకుని కొల్లేటికోట అమ్మవారి గుడికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ఒక మలుపు దగ్గర బండి తిన్నగా చేపల చెరువులోకి పోయింది. గట్టు మీద మేత జల్లుతున్నవాళ్ళు దూకి ఇద్దరినీ పైకి లాగారు.

ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి పిల్ల భుజానికి కట్టు కడుతున్నారు. మెడ దగ్గరి ఎముక విరిగింది. నాన్నగారు తడి పంచెతో బల్ల మీద కూర్చున్నారు. నా అడుగుల చప్పుడుకి లేచి నిలబడ్డారు.

"గేదె అడ్డం వచ్చిందమ్మా. ఈ పక్కనించి ఆ పక్కకి పరిగెత్తింది. మెడలో గంట కూడా ఉంది. దాన్ని తప్పించబోయాను."

మంచం మీంచి మా అమ్మాయి అంది: "గేదె రాలేదమ్మా. మలుపొచ్చిందని చెప్పడం నేనే మర్చిపోయాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఒక్కొక్కటే అడిగితే చెప్పింది. ఒట్టు వేసిన కొద్ది రోజులకే నాన్నగారు ఆటో అబ్బాయిని రావద్దన్నారు. నేను కాలేజీకి వెళ్ళాక, పిల్ల స్కూటరు మీద ముందు నిలబడి, ఎడమకి, కుడికి, ఎదురుగా లారీ, ఇక ఆపు తాతయ్యా అని చెబుతూ ఉంటే ఆయన నడిపేవారు. అమ్మకి చెప్పొద్దన్నారు. రోజూ సాయంత్రం అది నాకు ఆటో కబుర్లు చెప్పేది. ఆటోలో ఏ పాట పెట్టారో కూడా చెప్పేది. అబద్ధానికి అలా వివరాలు అద్దడం ఆయన దగ్గరే నేర్చుకుంది.

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఆయన పంచె తడిసిందని మాత్రం తెలుస్తోంది. ఇంటికి వెళ్ళి పొడిది తెచ్చిచ్చాను.

తర్వాతి నెలలన్నీ అలాగే గడిచాయి. వంట చేశాను, పాఠాలు చెప్పాను. మావారు స్కూటరు ఎవరికో ఇచ్చేశారు. నాన్నగారు వానొస్తోందమ్మా అంటే కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి బయట పెట్టి చూసేదాన్ని. పిల్ల హోంవర్క్ అయిపోయిందంటే పుస్తకం తీసి చూసేదాన్ని.

"నిజం చెప్పినా చూస్తావేంటమ్మా?" అందది ఒకసారి.

చూసి, పుస్తకం మళ్ళీ సంచిలో పెట్టేశాను.

"ఎన్నాళ్ళిలా?" అన్నారు మావారు.

"తెలీదండీ."

ముదినేపల్లి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఏటా వాళ్ళింట్లో వ్రతం నాన్నగారే చేయించేవారు. ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టుకుంటారు కాబట్టి ఇల్లంతా వినిపించింది.

"నాకు కళ్ళు కనపడవండీ" అన్నారు నాన్నగారు. "కిందటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడూ కనపడలేదు. చెప్పకుండా దాచాను. వేరేవారిని పిలుచుకోండి."

ఆవిడ, "మీకు కథ చూడకుండా వచ్చు కదండీ. అమ్మాయిగారిని తోడు తీసుకురండి, కావలసినవి మేం అందిస్తాం" అన్నారు.

ఆయన నా వైపు కాకుండా, నేను ఉన్నానని తను అనుకున్న వైపు తిరిగారు. "తీసుకెళ్తావా అమ్మా?"

ముగ్గురం బస్సులో వెళ్ళాం. వాళ్ళింట్లో బంధువులందరి ముందు, "దీపం మీరే వెలిగించండి, నాకు కనపడదు" అన్నారు. ఆ ఇంటి కోడలు వెలిగించింది. వ్రతం సాగిపోయింది. నేను చివర గోడకి ఆనుకుని కూర్చున్నాను. సంతోషించాలేమో అనిపించింది గానీ, సంతోషం రాలేదు.

తిరుగు బస్సులో మా ఇద్దరి మధ్య పిల్ల. కిటికీ పక్కన నేను.

"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నారు నాన్నగారు.

పిల్ల నా ముఖం చూసింది. చెప్పు అన్నాను.

"చెరువులు తాతయ్యా. కొంగలున్నాయి."

ఆయన మెల్లిగా, "ఆవేళ మలుపు చూసుకోవాల్సింది నేనమ్మా. నువ్వేమీ మర్చిపోలేదు. అమ్మకి అబద్ధం చెప్పమని నిన్నడగడం కూడా నా తప్పే" అన్నారు.

పిల్ల తలూపింది. ఆయనకి కనపడదని గుర్తొచ్చి పైకే "ఊఁ" అంది. తర్వాత నా చేతిమీద వాలి నిద్రపోయింది.

ఆ తర్వాత ఒక్కసారిగా ఏమీ మారలేదు. ఆయన ఇప్పుడు ఒక కుర్ర పురోహితుణ్ణి వెంటబెట్టుకునే వెళ్తారు. నేను చాలాకాలం ఇద్దరినే ఇంట్లో వదలలేదు. వదలడం మొదలుపెట్టాక కాలేజీ నుంచి ఫోన్ చేసి, ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, ఆ మాటకీ ఈ మాటకీ పొంతన చూసుకునేదాన్ని.

మొన్నొక రోజు కాలేజీలో మీటింగు సాయంత్రం దాకా సాగింది. ఇంటికొచ్చి తలుపు తీస్తే తాతా మనవరాలూ నేల మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నారు. మధ్యాహ్నం ఫోన్ చెయ్యలేదన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. సంచి పక్కన పెట్టి నేనూ ఒక గుప్పెడు చిక్కుళ్ళు తీసుకున్నాను.