రేటు పెంచిన వారం

అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. బస్టాండు వెనక సందులో ఆరు బల్లల భోజనశాల ఆమెది. భర్త పోయాక వంటా వడ్డనా ఆమే చూసుకుంటోంది. నూనె, గ్యాసు ధరలు మండిపోతున్నా భోజనం ధర పెంచడానికి చాలాకాలం ఆమెకు చేతులు రాలేదు. చివరికి అద్దె కూడా పెరిగేసరికి, ఒక సోమవారం పొద్దున బోర్డు మీద పాత అంకె చెరిపి కొత్తది రాసింది. రాస్తుంటే సుద్దముక్క విరిగింది.

ఆ మధ్యాహ్నం ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. నోరు చేసుకున్నా కాస్త ధైర్యంగా ఉండేది.

మర్నాడు తాళాల మాస్టారు రాలేదు. సందు మొదట్లో కూర్చుని తాళంచెవులు చేసే ఒంటరి మనిషి. ఏళ్ల తరబడి మూల బల్ల ఆయనదే. తర్వాతి రోజూ రాలేదు. ఫోను చేస్తే మోగలేదు.

“అలిగుంటాడులే,” అంది గిన్నెలు కడుగుతున్న చెల్లెలు.

“అలిగితే ఇంకోచోట తింటాడు. తినకుండా పడుంటేనో?”

ఆ మాట అన్నాక అక్క ఇక ఆగలేకపోయింది. పొయ్యి చెల్లెలికి అప్పగించి, డబ్బాలో అన్నం సర్దుకుని ఆయన గదికి బయల్దేరింది. మెట్లెక్కుతుంటే ఒకటే ఆలోచన. తను రాసిన అంకె ఒక మనిషిని పస్తు పడుకోబెట్టిందేమో. తలుపు కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. లోపల ఏదో కిందపడిన చప్పుడైంది, అంతే.

“మాస్టారూ, నేను, అక్కను.”

“తోసెయ్యమ్మా, గడియ పెట్టలేదు.”

గొంతు నీరసంగా ఉంది. మాస్టారు మంచం మీద, కాలికి పెద్ద కట్టుతో పడుకుని ఉన్నాడు. నేల మీద గ్లాసు దొర్లి ఉంది. అక్క గుమ్మంలోనే చతికిలబడింది.

“రేటు పెంచానని మానేశారనుకున్నా.”

“నీ బోర్డు చూసే, మెయిన్ రోడ్డు మీది ఆ ఖరీదైన అద్దాల హోటలుకెళ్లానమ్మా. నువ్వే పెంచావంటే ఇక వాళ్లెంత పెంచుతారో, ఇప్పుడు తినకపోతే ఈ జన్మలో తినలేననిపించింది. తిని బయటికొస్తూ నున్నటి మెట్ల మీద జారాను. కాలూ విరిగింది, ఫోనూ పగిలింది. పక్కింటావిడ ఇచ్చిన రొట్టెలతో నెట్టుకొస్తున్నా.”

అక్కకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. డబ్బా మూత తీస్తూ అడిగింది. “అంత పోసి తిన్నందుకు తగ్గట్టుందా?”

“అబద్ధమెందుకు, చాలా బాగుంది. వెళ్లినందుకు బాధలేదు. కానీ చివరి ముద్ద దగ్గర భయమేసింది. రేపు మళ్ళీ తినాలనిపిస్తే ఏంటి నా గతి అని.”

ఆయన ఆకలిగా తింటుంటే అక్క ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చుంది. ‘మరి నా వంట ఎలా ఉంటుంది?’ అని అడిగే ధైర్యం మాత్రం చాలలేదు.

కాలు బాగయ్యేదాకా చెల్లెలు రోజూ డబ్బా తీసుకెళ్లింది. మాస్టారు కొత్త ధరే ఇచ్చాడు, తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు. కొందరు నిజంగానే రావడం మానేశారు. మిగిలినవాళ్లతో ఎలాగో గడిచింది. అయినా ఆ వారం పట్టుకున్న భయం అక్కను వదల్లేదు. రోజూ వచ్చే మనిషి ఒక పూట కనబడకపోతే, ఎక్కడుంటాడో, ఎలా ఉన్నాడో నలుగురినీ అడిగి తెలుసుకునేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.