రాజన్న మోచేతి కాగితాలు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఒకే గదిలో ఏళ్ల తరబడి నాతో ఉన్నవాళ్లకూ చెప్పలేదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు. రేపు నా ఎదుటపడి మొహం తిప్పుకోరు. ఇదీ పిరికితనమే కదా? అవును, ఇదీ పిరికితనమే.

మాది కోనసీమ. అప్పట్లో కువైట్‌లో ఏసీ మెకానిక్‌ని. అబూ హలీఫాలో ఉంటూ శుక్రవారాలు క్రికెట్ ఆడేవాళ్లం. మా జట్టుకు నేను కెప్టెన్‌ని. జట్టంటే ఏదో ఊహించుకోకండి. ఇళ్లలో డ్రైవర్లు, వంటవాళ్లు, బరువులెత్తేవాళ్లు. ఇసుక నేల మీద చిరిగిన మ్యాటు. బ్యాటింగుకు దిగిన ఇద్దరికీ కలిపి ఒకే జత ప్యాడ్లు, చెరో కాలికి ఒకటి. లీగ్‌లో ఏటా అట్టడుగున మేమే.

మాలో ఆటగాడు అనదగ్గవాడు రాజన్న ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి. జహ్రాలో ఇళ్లు కట్టే సామాన్ల దుకాణంలో లోడింగ్ పని. రెండు బస్సులు మారి ఆటకు వచ్చేవాడు. ఒకసారి పనిలో పాలరాయి పలక జారి అతని కుడి మోచేతి మీద పడింది. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆసుపత్రి గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోయాడు. లోపల అతని పక్కన ఉన్నది నేను. నాకు కాస్త అరబీ వచ్చు. ఎముక అతుక్కుంటుంది గానీ చెయ్యి ఇక పూర్తిగా చాపలేడని డాక్టరు అంటే, ఆ మాట అతనికి తెలుగులో చెప్పిందీ నేనే. ఎక్స్‌రే, డాక్టరు రాసిచ్చిన కాగితాలు నా దగ్గరే ఉంచమన్నాడు. అతని గదిలో పదిమంది. ఏదీ దాచుకునే చోటు లేదు.

చెయ్యి మానాక మళ్లీ బంతి పట్టాడు. ఆ వంగిన చేతిలోంచి వచ్చే బంతి ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. మేం ఎప్పుడైనా ఒక మ్యాచ్ గెలిచామంటే అది అతని వల్లే. మైదానంలో మమ్మల్ని "రాజన్న టీం" అనేవారు. కెప్టెన్‌ని నేను. ఆ మాట విన్నప్పుడల్లా నవ్వేవాణ్ణి. ఆ నవ్వులో ఎంత నిజం ఉండేదో అప్పుడు నన్ను నేను అడగలేదు.

అప్పుడు ఓనర్ గారు వచ్చారు. మా గోదావరి వైపు వారే. కేటరింగ్ కంపెనీ పెట్టి బాగా సంపాదించారు. మా ఆట ఒకరోజు చూసి, జట్టును తాను నడుపుతానన్నారు. నెల తిరిగేసరికి కొత్త మ్యాటు, కొత్త కిట్లు, ఆయన కంపెనీ పేరుతో జెర్సీలు, మమ్మల్ని తీసుకెళ్లడానికి బస్సు, ఆట అయ్యాక బిర్యానీ. మొదటి రోజు జెర్సీ తొడుక్కుని మా వంటాయన ఏడ్చేశాడు. తర్వాత ఆటగాళ్లు దిగారు. మన ఊళ్లలో లీగులు ఆడినవాళ్లను తన కంపెనీ వీసాల మీద తెప్పించారు. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా మా పాతవాళ్లలో ఒకరు బౌండరీ గీత అవతల కూర్చున్నారు. ముందుగా కూర్చున్నది ఆ వంటాయనే. ఎవరూ నోరెత్తలేదు. బిర్యానీ తింటూ ఏం నోరెత్తుతాం?

చివరికి ఒక స్పిన్నర్ వచ్చాడు. రాజన్నను ఊరికే తీసేస్తే మిగిలిన పాతవాళ్లు జట్టు వదిలి వెళ్లిపోతారని ఓనర్ గారికీ తెలుసు. ఏదో దారి చూడమని నాతో అన్నారు. తన కంపెనీలో సూపర్‌వైజర్ పని ఖాళీగా ఉందని కూడా ఆ మాటల్లోనే అన్నారు. అంతే. అబద్ధమాడమని ఆయన అనలేదు. తప్పును ఆయన మీదికి నెడదామని ఎన్నిసార్లు చూశానో. ప్రతిసారీ ఇక్కడికొచ్చి ఆగిపోతాను.

ఆ వారమే ఎదుటి జట్టువాళ్లు ఫిర్యాదు చేశారు. రాజన్న బంతి వేయడం లేదు, విసురుతున్నాడని. వంచిన చెయ్యి చాపుతూ వేస్తే ఆ బంతి చెల్లదు. లీగ్ కమిటీ సోమవారం మధ్యాహ్నం పిలిచింది. రాజన్నకు సెలవు దొరకలేదు. నేనొక్కణ్ణే వెళ్లాను. ఆ చేతికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. తగిలి ఉంటే డాక్టరు కాగితం తెమ్మన్నారు, ఆడనిస్తామన్నారు. కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. కావాలనే తీసుకెళ్లలేదు.

దెబ్బేమీ లేదన్నాను. మామూలుగా చెయ్యి చాపగలడన్నాను.

అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? ఉద్యోగం కోసమా? అదొక్కటే అయితే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో. ఒక్కసారైనా అది నా టీం అనిపించుకోవాలని ఉండేది. ఆ గదిలో నా పక్కన రాజన్న లేడు. నాకది హాయిగా అనిపించింది. నిజం ఇది.

రాజన్న ఇక బంతి వేయకూడదని కమిటీ తేల్చింది. శుక్రవారం పొద్దున్నే ప్లాస్టిక్ సంచిలో బూట్లు పట్టుకుని వచ్చాడు.

"కెప్టెన్, నా చెయ్యి సంగతి చెప్పినవా వాళ్లకు?"

"చెప్పాను రాజన్నా."

"కాయితాలు సూపెట్టినవా?"

"అన్నీ చూపించాను. ఆళ్లు ఇనిపించుకోలేదు."

బూట్ల సంచి కింద పెట్టాడు. తర్వాత ఆ వంగిన చెయ్యే నా భుజం మీద వేశాడు.

"నువ్వు గంత కొట్లాడినంక గూడ ఇనలేదంటే ఇగ ఎవలేం జేస్తరు? ఖలాస్. నువ్వు మనసుల పెట్టుకోకు."

నన్ను ఓదార్చాడు. అర్థమవుతోందా మీకు? అతనే నన్ను ఓదార్చాడు.

ఆ ఏడాది కప్పు గెలిచాం. కప్పు ఎత్తింది నేనే. సూపర్‌వైజర్ పనీ వచ్చింది. రాజన్న రెండు శుక్రవారాలు వచ్చి నీళ్ల డబ్బాల దగ్గర కూర్చున్నాడు. అవతలి జట్టువాళ్లు అతన్ని చూపిస్తూ చెయ్యి వంచి రాయి విసిరినట్టు నటించి నవ్వేవారు. మూడో శుక్రవారం రాలేదు. మరుసటి ఏడాది దుకాణంవాళ్లు బరువులెత్తలేడని అతని ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, రద్దు చేశారు. ఊరికి వెళ్లేముందు వచ్చి తన కాగితాలు అడిగాడు. ఇచ్చాను. మడత విప్పకుండానే సంచిలో పెట్టుకున్నాడు.

ఓనర్ గారికి కూడా ఆట మీద మోజు తీరిపోయింది. బస్సు ఆగింది. తెచ్చిన ఆటగాళ్లు వేరే జట్లకు పోయారు. తిరిగి ఆడదామంటే మా పాతవాళ్లు ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు?

పోయిన నెల రాజన్న ఫోన్ చేశాడు. బాగున్నావా అన్నాడు. తన కూతురితో మాట్లాడమని ఫోన్ ఇచ్చాడు.

"మా నాయిన కోసం కమిటీల కొట్లాడింది మీరేనట గదా అంకుల్?"

"అవునమ్మా" అన్నాను.

తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ అదే అబద్ధం, ఈసారి ఒక పిల్లతో.  రాజన్నకు చెప్పాలి. ఇప్పటికీ చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాటిచ్చే ధైర్యం కూడా లేదు. క్షమించమనీ అడగను, అది మీ చేతుల్లో లేదు.

నేను కొట్లాడలేదు. కాగితాలు చూపించలేదు. అతని ఆటను ఆపింది నేను. ఈ మూడు మాటలూ రాశాక గుండె మీద బరువు కాస్త దిగింది. అది నాకు దక్కకూడదు. అయినా దిగింది.