అర్మీద కలిపిన పీచు వైన్

అర్మీద మా పక్కింటావిడ. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మా కొండల మీద ద్రాక్షతోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ప్రొసెక్కో ఉంటుంది. నురగలు కక్కే ఆ వైన్‌ను తెల్ల పీచుపండ్ల గుజ్జుతో కలపాల్సి వస్తే మాత్రం, నామకరణమైనా పెళ్ళైనా, మా వీధి మొత్తం అర్మీదనే పిలిచేది. పండ్లు మిక్సీలో వేస్తానంటే ఒప్పుకునేది కాదు. "వేడికి నల్లబడి చస్తుంది. చేతులు లేవా మీకు?" అని కసిరేది. జల్లెడలో వేసి చేత్తో రుద్దేది. గుజ్జులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండేది. గుజ్జు ఒక పాలు, వైన్ మూడు పాళ్ళు. గ్లాసు వంచి అంచు వెంట వైన్ జారవిడిచి, చెంచాతో అడుగునుంచి ఒక్కసారి కదిపి వదిలేసేది.

1979 జూలైలో ఆమె ఒక్కగానొక్క కొడుకు నేరియోకు నిశ్చితార్థం. పిల్ల లొరెదానా, కింది వీధి దర్జీ కూతురు. సాయంత్రం విందు. మధ్యాహ్నానికల్లా అర్మీద ఆరు కిలోల పండ్లు రుద్ది గుజ్జు తీసి నేలమాళిగలో చల్లబెట్టింది. ఆ పూటే నేరియో తోటకు తెగులు పట్టకుండా మైలుతుత్తం కొట్టడానికి ట్రాక్టరు వేసుకుని పైకి వెళ్ళాడు. తెల్లవారుజామున కురిసిన వానకు గడ్డి ఇంకా తడిగా ఉంది. పై మలుపులో ట్రాక్టరు జారి బోర్లా పడింది. కింద అతను.

అర్మీద ఏడవడం మేమెవరం చూడలేదు. అంత్యక్రియలైన మూడోనాడు వాసన వస్తోందని నేలమాళిగలోకి దిగితే, గుజ్జు పులిసి నల్లబడి ఉంది. దాన్ని నేనే పారబోసి గిన్నెలు కడిగాను. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా ఆమె కలపలేదు. మా చెల్లెలి పెళ్ళికి అడగబోతే, "నన్ను వదిలెయ్యవే" అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

లొరెదానా మాత్రం ఆ ఇంటికి రాకపోకలు మానలేదు. ఏటా నవంబరులో, పోయినవాళ్ళను తలుచుకునే రోజున, సమాధి దగ్గర పూలు పెట్టి వచ్చి వంటింట్లో కాసేపు కూర్చునేది. పెళ్ళి కాకపోయినా అర్మీదను అత్తా అనే పిలిచేది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒక జూన్ మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే ఆ పిల్ల వచ్చి నిలబడింది.

"ఆదివారం చర్చిలో నా పెళ్ళి ప్రకటన చదువుతారత్తా. ముందుగా మీకు నేనే చెప్పాలని..."

"ఎవరు?"

"తుల్లియో. రొట్టెలు కాల్చే తుల్లియో."

అర్మీద చేతిలో పని ఆపలేదు. "మంచివాడే. శుభం" అంది.

"పెళ్ళినాడు మీరే కలపాలి."

"నా చెయ్యి మంచిది కాదమ్మా. వేరేవాళ్ళను చూసుకో."

లొరెదానా వెళ్ళిపోయింది. అర్మీద భర్త గిల్దో వాకిట్లో కూర్చుని అంతా విన్నాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ ఆయన. పెళ్ళికి ముందురోజు పొద్దున్నే బజారుకు పోయి రెండు బుట్టల పీచుపండ్లు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు తెమ్మన్నారు నిన్ను?" అని అర్మీద అరిచింది.

"ఎవరూ చెప్పలేదు. పండు రెండ్రోజులు కూడా ఆగదు. నీ పంతానికేం, ఇంకో తొమ్మిదేళ్ళయినా ఆగుతుంది."

ఆ మాటకు ఆమె బుట్టలోంచి ఒక పండు తీసి నొక్కి చూసింది. అరుపు విని వచ్చిన నాతో, "ఆ పిల్లను రమ్మను. నేర్పుతాను, తనే కలుపుకుంటుంది" అంది.

ముగ్గురం కూర్చున్నాం. నేను పండ్లు కోసి గింజలు తీస్తున్నాను, లొరెదానా రుద్దుతోంది. సగం అయ్యేసరికి అర్మీద ఉన్నట్టుండి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"ఆ రోజు వాడిని పైకి పంపింది నేనే. గడ్డి తడిగా ఉందమ్మా, రేపు కొడతానన్నాడు. రేపు విందు బడలికతో లేవవు, ఇప్పుడే కానిచ్చిరా అని తరిమాను. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేకపోయాను."

లొరెదానా తలెత్తలేదు. "నాకు తెలుసత్తా."

"ఏం తెలుసు?"

"వెళ్ళే ముందు మా ఇంటి దగ్గర ఆగాడు. అమ్మ తరుముతోంది, పోయొస్తానన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"తెలిసి కూడా ఏటా వచ్చావా? ఒక్క మాటైనా అనలేదే!"

"అంటే తిరిగొస్తాడా? నేనూ పోవద్దనలేదుగా. తొందరగా రా, జుట్టు కడుక్కోవాలి నువ్వు అన్నాను. అంతే."

అర్మీద ఆ పిల్ల భుజం మీద తల పెట్టింది. అప్పుడు ఏడ్చింది, గొంతు విడిచి. వాకిట్లోంచి గిల్దో లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొంతసేపటికి అర్మీద కళ్ళు తుడుచుకుని, "రుద్దు, రుద్దు, నల్లబడుతుంది" అని తనే జల్లెడ లాక్కుంది.

మర్నాడు పెళ్ళివాకిట్లో సీసాలు తీసింది ఆమే, కలిపింది ఆమే. మొదటి గ్లాసులో నురగ పొంగి కొంచెం ఒలికింది. పెళ్ళికొడుకు మేనత్త అది చూసి, అందరికీ వినబడేలా, "కొడుకును పోగొట్టుకున్నావిడ చేత్తోనా శుభకార్యం? ఈ ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?" అంది.

అర్మీద గ్లాసు కింద పెట్టేయబోయింది. తుల్లియో గబగబా నడిచి వచ్చాడు.

"అత్తా, నీకు దాహం లేకపోతే పక్కకు జరుగు, వరస ఆగిపోయింది" అన్నాడు ఆ మేనత్తతో. ఆ తర్వాత అర్మీద ముందు తల వంచి, "నాకివ్వండమ్మా. మీ నేరియో, నేను బళ్ళో ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళం" అని రెండు చేతులా అందుకున్నాడు. సగం తాగి మిగతా సగం పెళ్ళికూతురికిచ్చాడు.

ఆ తర్వాత పదమూడేళ్ళు, వేళ్ళ కీళ్ళు వంకర్లు పోయేదాకా, మా వీధి శుభకార్యాలన్నిటికీ అర్మీదే కలిపింది. చివరి ఏళ్ళలో పక్కన లొరెదానా కూతురు గ్లాసులు అందించేది. అర్మీద ఆ పిల్లకు పని చూపిస్తూ నేరియో చిన్నప్పటి అల్లరి చెప్పేది: గుజ్జు దొంగిలించి రొట్టెకు రాసుకు తినేవాడని, చొక్కా నిండా మరకలేనని. పిల్ల నవ్వేది. అర్మీద నవ్వేది కాదు గాని, ఆ కబుర్లు చెప్పడం మాత్రం ఆపేది కాదు.