కన్నీటి ప్రార్థన మామ్మ

మొన్న కళ్ళ డాక్టరు నా కళ్ళు పొడిబారిపోతున్నాయని చెప్పి చుక్కలమందు రాశాడు. కృత్రిమ కన్నీళ్ళట. మందుల షాపు మెట్ల మీద ఆ సీసా పట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను. మా ఇంట్లో ఒకప్పుడు కన్నీళ్ళకి కరువే లేదు. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, కళ్ళు పొద్దస్తమానం కారుతూనే ఉండేవి. ఆ కన్నీళ్ళు చూసే ఊరంతా ఆవిడని గొప్ప ప్రార్థనాపరురాలని నమ్మింది.

డెబ్భైల చివర్లో మాట. అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో నాకు టీచరు ఉద్యోగం వచ్చి, మామ్మతోనే ఉండేదాన్ని. మావాళ్ళలో కన్నీటి ప్రార్థనకున్న విలువ ఇంతా అంతా కాదు. ఎంత చక్కటి మాటలతో చేసినా, కన్ను తడవకపోతే అది పాఠం అప్పజెప్పినట్టే లెక్క. మామ్మకి మాత్రం ‘ప్రభువా’ అనేలోపే రెండు చెంపల మీదా ధారలు కట్టేవి. అందుకని కాన్పు కష్టమైనా, పిల్లాడి పరీక్షైనా, వేటకెళ్ళిన పడవ ఆలస్యమైనా అందరూ మా అరుగు మీదికే వచ్చేవారు. కాట్రేనికోన వైపు నుంచి గంగమ్మకి మొక్కుకునే ఆడవాళ్ళు కూడా బస్సెక్కి వచ్చేవారు. మా పాస్టరు గారికి ఇది కాస్త కినుకగానే ఉండేదనుకుంటాను. పాపం, ఆయనకి ఎంత గొంతు వణికించినా కన్ను చెమర్చేది కాదు. మామ్మ ఎండలో కళ్ళు తెరవలేకపోయినా, పొద్దున్నే రెప్పలు పుసులు కట్టి అతుక్కుపోయినా, అదంతా రాత్రి చేసిన ప్రార్థన ఫలమే అనుకున్నాం. సైన్సు పాఠాలు చెప్పే నేను కూడా అలాగే అనుకున్నాను. ఒకరోజు ఆవిడ కళ్ళజోడు సవరించుకుంటూ గడగడా వాక్యం చదివేస్తుంటే చూద్దును కదా, చేతిలో ఉన్నది బైబిలు కాదు, పాటల పుస్తకం.

మర్నాడే అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టరుగారు రెప్ప తిప్పి చూశారు.

“చిన్నప్పుడు కళ్ళకలకలు మళ్ళీ మళ్ళీ వచ్చుంటాయండి. రెప్ప లోపల పుళ్ళు మాని, మచ్చలు కట్టి, ఆ మచ్చలు బిగుసుకుని అంచుని లోపలికి లాగేసేయి. రెప్ప వెంట్రుకలు నల్లగుడ్డుని గీసేస్తున్నాయండి. పీకినా మళ్ళీ మొలుస్తాయి. ఇలా వదిలేస్తే కంట్లో తెల్లగా పువ్వేసి చూపు పోద్దండి. రెప్పకి మత్తుసూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, అంచుని బయటికి తిప్పి కుట్టేస్తానండి. చీరంచు మడత పడితే తిప్పి కుట్టుకోరూ, అలాగన్నమాట.”

మామ్మ ఒకటే అడిగింది. “కన్నీళ్ళు ఆగిపోతాయా బాబూ?”

“ఆయ్, పూర్తిగా ఆగిపోతాయండి!” అన్నారాయన సంతోషంగా.

మామ్మ మొహం వాడిపోయింది. ఇంటికొచ్చాక, “నాకొద్దే” అంది. “నేనేం చదువుకున్నానా, ఉద్యోగం చేసేనా? దేవుడు నాకిచ్చింది ఈ నీళ్ళేనే. అవీ పోతే నా గుమ్మం ఎవరు తొక్కుతారు?”

ఆ రెప్ప వెంట్రుకలంత మొండిది ఆవిడ. నేను చెప్పిందేదీ చెవికెక్కలేదు. చివరికి కాట్రేనికోన నుంచి ఒక జాలరి పిల్ల పసిగుడ్డుని తెచ్చి మామ్మ ఒళ్ళో పెట్టింది. “మీ ప్రార్థనకి పుట్టేడండి, చూడండి” అంది. మామ్మ ఆ బిడ్డ ముక్కూ నుదురూ వేళ్ళతో తడిమి, నావైపు తిరిగి, “ఎవరి పోలికే?” అని అడిగింది. ఆ పిల్ల వెళ్ళగానే మామ్మే అంది, “డాక్టరు దగ్గరికి పోదామే.”

కట్లు విప్పి, కుట్లు తీశాక కళ్ళు తేటపడ్డాయి. బైబిల్లో అక్షరాలు కనబడ్డాయి. కానీ స్త్రీల కూటంలో మామ్మ పొడి కళ్ళతో ప్రార్థన చేస్తుంటే, కళ్ళు మూసుకోవలసిన వాళ్ళందరూ ఓరకంట చూడడం నేను చూశాను. (నేనూ కళ్ళు మూసుకోలేదన్నమాట.) వాళ్ళడిగితే మామ్మ దాచలేదు, అవి వెంట్రుకలు గుచ్చుకుని వచ్చిన నీళ్ళేనని చెప్పేసింది. నెమ్మదిగా అరుగు ఖాళీ అయింది. మామ్మ మాత్రం రోజూ అరుగు తుడిచి చాప పరిచేది. ఆ చాప చూస్తే, ఆపరేషను చేయించుకోమని ఆవిడ దగ్గర పట్టుబట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ జాలరి పిల్ల మళ్ళీ వచ్చింది. మొగుడెక్కిన పడవ రాలేదట.

“నాకిప్పుడు కన్నీళ్ళు రావమ్మా” అంది మామ్మ. “అప్పుడొచ్చినవీ ప్రార్థనవి కావు.”

“ఏడుపు నా దగ్గర బోల్డుందండి మామ్మగారూ” అంది ఆ పిల్ల, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “ఏడుపు నేను చూసుకుంటానండి. మీరు ప్రార్థన చెయ్యండి.”

మామ్మ ఆ పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. ప్రార్థనంటే కళ్ళు మూసుకోవాలి కదా, ఆవిడ మూయలేదు. ఆ మొహంలోకే చూస్తూ, మెల్లగా, ఇరుగమ్మతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడింది. పడవ మర్నాడు వేరే రేవుకి చేరింది. ఆ తర్వాత మామ్మ బతికినన్నాళ్ళూ మా అరుగు ఖాళీగా లేదు.

ఆవిడ ప్రార్థనల్లో ఒక్క మాటా ఇప్పుడు నాకు గుర్తులేదు. ఇన్నేళ్ళ కాలం అన్నిటినీ తీసుకుపోయింది గానీ, ఆ మధ్యాహ్నం ఆ పిల్ల మొహాన్ని మామ్మ చూసిన చూపు జోలికి మాత్రం రాలేదు.